నిండిన ట్యాంకు, ఇరుక్కున్న బంతి

వ్యాపారంలో మాట ఇవ్వడం తేలిక, సరుకు ఇవ్వడం కష్టం. ఆ సంగతి తెలిసి కూడా నేను మా అక్కకి గడువు చెప్పేశాను.

నాది నీటి పంపుల దుకాణం. మోటార్లు, గొట్టాలు, ట్యాంకులు, వాటికి కావలసిన చిల్లర సామాను అమ్ముతాను. చుట్టుపక్కల సగం మేడల మీదికి నీళ్లెక్కించేది నా సరుకే. అలాంటివాడి తోడబుట్టినదానికి రోజుకి మూడు గ్లాసులకు మించి నీళ్లు తాగే వీల్లేదు. కిడ్నీలు రెండూ దుకాణం కట్టేశాయి. వారానికి మూడుసార్లు ఆసుపత్రిలో మిషను పక్కన పడుకుని రక్తం శుభ్రం చేయించుకుని వస్తుంది.

పరీక్షలన్నీ చేసి, నా కిడ్నీ ఆమెకి సరిపోతుందన్నారు. అడ్డం ఒక్కటే, నా బరువు. "తొంభై కిలోల లోపుకి రండి, అప్పుడు చూద్దాం. ఇంత కొవ్వుతో కోస్తే ప్రమాదం మీకే" అన్నాడు సర్జను. అప్పటికి నేను నూట పన్నెండు.

నేను అక్కడే మనసులో లెక్క కట్టేశాను. తినేది రాబడి, తిరిగేది ఖర్చు. రాబడి తగ్గించి ఖర్చు పెంచితే నిల్వ తరగక ఏం చేస్తుంది?

"వానాకాలం మొదలయ్యేలోపు సరుకు నీకు చేరుతుందక్కా" అన్నాను.

"చూడరా గుండూ" అంది అక్క. గుండ్రంగా ఉంటానని ఊహ తెలిసినప్పటి నుంచీ ఆమెకి నేను గుండూనే. "నువ్వు చెప్పిన టైముకి సరుకు పంపుతావని నీ కస్టమర్లే నమ్మరు. నన్ను నమ్మమంటావా?"

"వాళ్లు పరాయివాళ్లు."

"సరే అయితే. ఆపరేషనయ్యాక ముందు ఏం చేస్తానో తెలుసా? చెంబెడు నీళ్లు గటగటా తాగుతాను. పక్కన నిలబడి ఎవడూ కొలవకూడదు."

ఆ చెంబు వచ్చి నా నెత్తిమీద కూర్చుంది.

మొదట్లో లెక్క బాగానే కుదిరింది. భోజనం సగానికి కోశాను. బండి పక్కన పెట్టి దుకాణానికి నడిచి వెళ్లాను. పన్నెండు కిలోలు దిగాను. వంద దగ్గరికి వచ్చాక మాత్రం కాటా ముల్లు మేకు కొట్టినట్టు ఆగిపోయింది. తిండి ఇంకా కోశాను. ముల్లు కదల్లేదు సరికదా, ఒంట్లో వింతలు మొదలయ్యాయి. అందరూ ఫ్యాను కింద చేరి చెమటలు తుడుచుకుంటుంటే నేను స్వెట్టరు వేసుకుని గల్లా దగ్గర ముడుచుకు కూర్చున్నాను. నాలుగు మెట్లెక్కాలంటే బద్ధకం. ఇక ఆకలి సంగతి చెప్పక్కర్లేదు. కోసి పెట్టిన గొట్టం ముక్కలు కూడా నోరూరిస్తున్నాయి.

మా దుకాణానికి రోజూ వచ్చే ప్లంబర్ ఒకడున్నాడు. కొళాయి కారినా, మొగుడూ పెళ్లాలు పోట్లాడుకున్నా "వాషర్ మార్చాలి" అంటాడు కాబట్టి అతన్ని అందరూ వాషర్ అనే పిలుస్తారు. భోజనం డబ్బా మా కౌంటర్ మీద పెట్టి పనికి పోయి, మధ్యాహ్నం వచ్చి తింటాడు. ఒకరోజు అలాగే వచ్చి మూత తీశాడు.

"అన్నా, డబ్బా ఖాళీగా ఉందేంటి?"

నేను మోటార్ల ధరల పట్టీలో తల దూర్చాను.

"కడిగి కూడా పెట్టినట్టున్నారే!"

"లీకై ఉంటుంది" అన్నాను.

"కూర లీకైందంటే ఒప్పుకుంటా. రొట్టెలు ఎట్టా లీకవుతాయన్నా?" అని, నన్ను ఎగాదిగా చూసి, "గడ్డం తుడుచుకో, అక్కడింకా కారుతోంది" అన్నాడు.

ప్రపంచంలో ఏ లీకునైనా ఆపగలడు గానీ తన నోటికి మాత్రం వాషర్ వేసుకోలేడు. నేను ఇంటికి చేరేసరికే కబురు చేరింది.

"వదిన ప్రాణం కంటే మీకు వాడి రొట్టెలు ఎక్కువయ్యాయా?" అంది నా భార్య.

దారి పొడుగునా నాకు నేను వేసుకుంటూ వచ్చిన ప్రశ్నే అది.

మర్నాడు ఆసుపత్రిలో, బరువు సంగతి చూసే డాక్టరమ్మ దగ్గర కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆమె నవ్వలేదు. "చలి కూడా వేస్తోందా?" అని మాత్రం అడిగింది. స్వెట్టరు చూపించాను.

"ఒంట్లో కొవ్వు ఊరికే కూర్చోదండీ. నిల్వ ఇంత ఉందని రక్తంలో మెదడుకి కబురు పంపుతూ ఉంటుంది. చాన్నాళ్లు బరువు ఎక్కువగా ఉంటే మెదడు ఆ కబురుని సరిగ్గా పట్టించుకోదు. ఇప్పుడు మీరు కొవ్వు కరిగించేసరికి ఆ కబురు కూడా సన్నగిల్లింది. కరువొచ్చిందనుకుని మెదడు ఆకలి పెంచింది, ఒంటి ఖర్చు తగ్గించింది. మీ చలీ బద్ధకమూ అందుకే."

"అయితే ఇప్పుడేం చెయ్యాలి?"

"తిన్నాక 'ఇక చాలు' అని పేగుల్నుంచి మెదడుకి ఒక కబురు వెళ్తుంది. దాని పోలికతో చేసిన ఇంజెక్షను ఉంది. వారానికొకటి. కొందరికి బాగా పనిచేస్తుంది, కొందరికి అంతగా చెయ్యదు. మొదట్లో వికారంగా ఉంటుంది. తిండి జాగ్రత్త, నడక ఎలాగూ తప్పవు."

"ఆలోచించి చెప్తానండీ" అన్నాను. కొనే ఉద్దేశం లేని కస్టమర్లు నాతో అనే మాటే అది.

అక్క అదే ఆసుపత్రిలో మిషను పక్కన పడుకుని ఉంది. సంగతి చెప్పి, "నోరు కట్టుకోవడానికి సూదిమందు కావాలా అక్కా? సిగ్గుగా ఉంది. ఇంకొంచెం గట్టిగా నిలబడితే చాలు" అన్నాను.

అక్క కళ్లు మూసుకునే అడిగింది. "ఒరేయ్, మేడ మీద ట్యాంకు నిండి నీళ్లు వీధిన పడుతున్నా మోటారు ఆగట్లేదని ఎవరైనా వస్తే ఏం చెప్తావు?"

"ట్యాంకులో బంతి ఇరుక్కుందని చెప్తా. నీళ్లతోపాటు బంతి పైకి తేలితేనే మోటారు ఆగుతుంది. అడుగున ఇరుక్కుంటే ట్యాంకు ఖాళీ అనుకుని తోడుతూనే ఉంటుంది. బంతి మార్చుకోమంటా."

"మీ మోటారుకి సిగ్గులేదండీ అనవా?"

నేను స్వెట్టరు గుండీలు సర్దుకున్నాను.

"పోనీ, రాత్రీ పగలూ స్విచ్చి దగ్గర కాపలా కూర్చోమంటావా?"

"అలా ఎవరు కూర్చోగలరక్కా? ఎప్పుడో ఒకప్పుడు కునుకు పడుతుంది."

"నీకు వాషర్ డబ్బా దగ్గర పడింది." కళ్లు తెరిచింది. "నా కిడ్నీలకి పట్టుదల లేదని నువ్వెప్పుడైనా అన్నావా? మిషను పెట్టారు, పెట్టించుకున్నాను. ఊరందరికీ బంతులు అమ్ముతావు, నీ దగ్గరికొచ్చేసరికి కాపలానా? పోయి ఆ డాక్టరమ్మ గదిలోంచి వెళ్లిపోకముందే పట్టుకో."

నలభై మంది బేరగాళ్లని మాటలతో పడగొట్టినవాణ్ని, నా సరుకు నాకే అమ్మితే ఎలా కాదనను?

మొదటి వారాలు వికారంతో పోయాయి. వానాకాలం వచ్చింది, వెళ్లింది. నా గడువు కూడా దాంతోనే కొట్టుకుపోయింది. "సరుకు ఎక్కడిదాకా వచ్చిందిరా?" అని అక్క ఫోను. "దారిలో ఉంది." "లారీ నిండా నువ్వే కూర్చున్నట్టున్నావు, అందుకే ఆలస్యం."

ఒక సాయంత్రం గల్లా కడుతూ చూస్తే, మధ్యాహ్నం టీతో తెచ్చుకున్న రెండు బిస్కెట్లలో ఒకటి ప్లేటులోనే ఉంది. దాని చుట్టూ చీమలు. తినకూడదని పెట్టింది కాదు, మర్చిపోయాను. నా ప్లేటులో చీమలకి వాటా దొరకడం నా జన్మలో అదే మొదటిసారి. మామూలు జనం రోజూ ఇలాగే బతుకుతారన్నమాట అనుకున్నాను. ఇన్నాళ్లూ వాళ్లకి నాకంటే నిగ్రహం ఎక్కువనుకున్నాను. ఏం కాదు, వాళ్ల బంతి తేలుతోంది, అంతే.

చివరికి సర్జను రమ్మన్న రోజు అక్క, నా భార్య ఇద్దరూ వెంట వచ్చారు. కాటా ఎక్కాను. ముల్లు తొంభై దాటి, వెంట్రుకవాసి అవతల నిలబడింది.

"నడుముకి ఆ గుత్తేమిటండీ?" అంది నర్సు.

దుకాణం తాళాలు. షట్టరువి, గోదామువి, గల్లావి. దుకాణం తెరిచిన రోజు నుంచీ ఆ గుత్తి ఇంకొకరి చేతికి ఇచ్చింది లేదు.

"అవి మీ ఒంట్లో భాగం కాదు కదా?"

"వాడికి తెలీదమ్మా ఆ సంగతి" అంది అక్క.

విప్పి నా భార్య చేతిలో పెట్టాను. ముల్లు మెల్లగా ఇవతలికి వచ్చింది. నర్సు రాసుకుంది. అక్క ఏదో అంటుందని చూశాను. నా చొక్కా మొలచుట్టూ వదులుగా వేలాడుతుంటే, లోపలికి దోపింది.

ఆపరేషను మర్నాడు, కుట్లు నొప్పెడుతుంటే పైకప్పు చూస్తూ పడుకున్నాను. పక్క గదిలోంచి నా భార్య వచ్చింది. నడుముకి నా తాళాల గుత్తి.

"కిడ్నీ బాగా పనిచేస్తోందట. వదిన ఇంకా నీళ్లు కావాలంటోంది. డాక్టరు కూడా ఎంత కావాలంటే అంత తాగమన్నారు" అంది.

"పొయ్యమను" అన్నాను. "మోటారు మనదే, గ్యారంటీ ఉంది."