మాట్లాడే వేగం

పళ్ళ డాక్టరు పరుగు మొదలుపెట్టింది ఆరోగ్యం కోసమని అందరూ అనుకున్నారు. అతను అనుకోనిచ్చాడు. అసలు కారణం అతని తోడల్లుడు. భార్య అక్కగారి భర్త, డ్రైవింగ్ స్కూలు నడిపే బ్రేకు మాస్టారు, ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగు పందేనికి పేరిచ్చారని మామగారు ఒకరోజు భోజనాల దగ్గర చెప్పారు. చెప్పి ఊరుకున్నా బాగుండేది. "ఈ వయసులో పెద్దల్లుడి పట్టుదల చూడండి" అని, చిన్నల్లుడి పొట్ట వైపు ఒకసారి చూసి, మళ్ళీ కంచంలోకి తల వంచుకున్నారు. ఆ చూపు తగలవలసిన చోటే తగిలింది.

పెళ్ళయిన నాటి నుంచీ ఆ ఇంట్లో డాక్టరుది రెండో పీటే. పెద్దల్లుడు కుళాయి బాగుచేస్తే అది పనితనం, చిన్నల్లుడు బాగుచేస్తే అది అదృష్టం. అందుకే అతను ఆ రాత్రి భార్యకు చెప్పకుండా పందేనికి పేరిచ్చేశాడు. పందెం రోజు మామగారు ఎలాగూ పరుగు ముగిసే గీత దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చుంటారు. ఆయన కళ్ళ ముందు, ఒక్కసారి, తోడల్లుడి కంటే ముందు గీత దాటాలి. ఆ తరువాత పొట్ట దాని ఇష్టం వచ్చినంత పెరగవచ్చు.

విషయం తెలిశాక భార్య, "పరుగెత్తి పాలు తాగే కన్నా నిలబడి నీళ్ళు తాగడం మేలంటారు. మీరు నిలబడితేనే ఆయాసపడతారు కదండీ" అంది. సలహా కింద తీసుకోవాలో ఎత్తిపొడుపు కింద తీసుకోవాలో అతను తేల్చుకోలేకపోయాడు.

ఇద్దరు తోడల్లుళ్ళకూ మాటల్లేక ఆరేళ్ళయింది. మాస్టారి కారులో పక్క సీటు కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాడు ఎంత ఉత్సాహపడినా బండి మాస్టారి దయ మీదే కదులుతుంది. అందుకే శిష్యులు ఆయనకు ఆ పేరు పెట్టారు. ఆరేళ్ళ కిందట డాక్టరు కూడా ఆ శిష్యుల్లో ఒకడు. లైసెన్సు పరీక్ష రెండుసార్లు తప్పాడు. మూడోసారికి ముందు మామగారింట్లో, నిండు పంక్తిలో, మాస్టారు అన్నారు: "మావాడు పన్ను పీకినట్టు గేరు లాగుతాడు. ఏ బండికైనా ముందు మత్తు ఇవ్వాలి." ఇల్లంతా నవ్వింది. అందరికంటే ముందు డాక్టరు భార్య నవ్వింది. భార్యతో మాట్లాడటం మానేసే వీలు లేదు కాబట్టి డాక్టరు తోడల్లుడితో మానేశాడు. మూడోసారి పరీక్షకు వెళ్ళనూ లేదు. అప్పటి నుంచి ఎడమొహం పెడమొహం. ఒకరు వచ్చే పూట ఇంకొకరు రాకుండా అక్కచెల్లెళ్ళిద్దరూ ఫోన్లలో ముందే చూసుకునేవారు.

పరుగు నేర్పేది ఆటల టీచరుగా రిటైరైన ఒక పెద్దావిడ. పార్కు గేటు దగ్గర తెల్లవారుజామునే సైకిలు మీద వచ్చేది. దుకాణాల వాళ్ళు, గుమాస్తాలు, ఒక కళ్ళజోళ్ళ షాపాయన, ఇద్దరు నర్సులు ఆవిడ దగ్గర చేరారు. మంగళవారం వేగం పెంచే రోజు, ఆదివారం దూరం పెంచే రోజు. ఆదివారం పరుగుకు ఆవిడ పెట్టిన నియమం ఒక్కటే: ఇద్దరిద్దరు జతగా, మాట్లాడుకుంటూ పరుగెత్తాలి. మాట ఆగిందంటే వేగం ఎక్కువైందని అర్థం. ఊపిరి అందనివాడికి మాట రాదు, మాట వచ్చేవాడికి ఊపిరి మిగిలే ఉందన్నమాట. నెమ్మదిగా దూరం అలవాటైతే వేగం దానంతట అదే వస్తుందని ఆవిడ నమ్మకం. వినడానికి ఇంత సులువైన నియమం ఇంకొకటి ఉండదు.

మొదటి మంగళవారం అందరినీ పరుగెత్తించి చూసి, సమానంగా ఆయాసపడుతున్న ఇద్దరిని, డాక్టరునూ, అదే పందెం కోసం అక్కడే చేరిన మాస్టారినీ, ఆవిడ ఒక జత చేసింది. చుట్టరికం ఆవిడకు తెలియదు. చెప్పాలంటే మాటల్లేవని చెప్పాలి, ఎందుకు లేవో చెప్పాలి, గేరు సంగతి చెప్పాలి. డాక్టరు నోరెత్తలేదు. మాస్టారు ఎందుకు ఎత్తలేదో ఆయనకే తెలియాలి.

మొదటి ఆదివారం ఇద్దరూ పక్కపక్కనే, చెరో దిక్కు చూస్తూ బయలుదేరారు. వెనక నుంచి సైకిలు గంట మోగింది. "మాట వినిపించడం లేదు, వేగం తగ్గించండి" అంది టీచరమ్మ. తగ్గించారు. మళ్ళీ గంట. ఇంకా తగ్గించారు. చివరికి పొద్దున నడకకు వచ్చిన ముసలమ్మలు ఇద్దరు వాళ్ళను దాటుకుని, వెనక్కి తిరిగి జాలిగా చూసి మరీ వెళ్ళారు. నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయన్నట్టు అలాగే ఉన్నారు తోడల్లుళ్ళు.

సైకిలు గంట మూడోసారి మోగేసరికి మాస్టారు గొంతు సవరించుకున్నారు. రోడ్డు వైపు చూస్తూ, రోడ్డుకే చెబుతున్నట్టు, "ముందు అద్దం చూసుకోవాలి. తరువాత సిగ్నల్ వెయ్యాలి. అప్పుడు క్లచ్చి నెమ్మదిగా వదలాలి" అని పాఠం మొదలుపెట్టారు. డాక్టరుకు ఒళ్ళు మండింది. తానేం తక్కువ తిన్నాడని, చెట్ల వైపు తిరిగి, పన్ను పుచ్చితే మొదట ఏ పొర పోతుందో, ఏ పొర దాకా పోతే నొప్పి మొదలవుతుందో వివరించాడు. వెనక నుంచి టీచరమ్మకు కావలసింది మాటల చప్పుడు, అది వినిపిస్తోంది. ఆవిడ సంతోషించి నర్సుల జత వైపు సైకిలు తిప్పింది.

కొన్ని ఆదివారాలు ఇదే తంతు. మాస్టారు రోడ్డు గుర్తులన్నీ వరసగా అప్పజెప్పేవారు, డాక్టరు దంతవైద్యం సాంతం చెప్పేవాడు. ఒకరి పాఠం ఒకరికి అక్కర్లేదు కానీ చెవులకు మూతలుండవు కదా. ఒకరోజు మాస్టారు మలుపుల పాఠంలో ఉండగా డాక్టరు నోరు జారాడు.

"అన్నయ్యా, ముందు సిగ్నల్ వేసి తరువాత అద్దం చూస్తే ఏం పోతుంది?"

మాస్టారు మొదటిసారి రోడ్డు వైపు నుంచి తల తిప్పి డాక్టరును చూశారు. తరువాత, "వెనక వాడున్నాడో లేడో చూడకుండా, వస్తున్నాను తప్పుకో అనడం మర్యాదా డాక్టరూ?" అన్నారు.

ఆ మాటతో దారి పడింది. అక్కడి నుంచి మోకాళ్ళ నొప్పులకు వచ్చారు, మోకాళ్ళ నుంచి బూట్లకు, బూట్ల నుంచి మామగారికి. మామగారి దగ్గరికి వచ్చాక ఇక తిరిగి చూసుకోలేదు. ఆయన గురించి మాట్లాడుకోవడానికి ఎన్ని కిలోమీటర్లు ఉన్నా చాలవని ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. పెద్దల్లుడికీ ఆ ఇంట్లో సుఖం లేదట. "నిన్ను చూపించి నన్ను పొడుస్తారయ్యా. చిన్నల్లుడు డాక్టరు, తెల్లకోటు, నువ్వేమో పొద్దస్తమానం బ్రేకు తొక్కుతావు అంటారు" అన్నారు మాస్టారు. డాక్టరుకు నమ్మబుద్ధి కాలేదు. నమ్మాక ఎంత హాయిగా ఉందంటే, ఆ వారం క్లినిక్కులో ఒకాయనకు డబ్బు తీసుకోకుండా పళ్ళు శుభ్రం చేసి పంపాడు.

దూరం వారం వారం కొంచెం కొంచెం పెరిగింది. మొదట్లో పార్కు చుట్టూ తిరగడానికే దేవుళ్ళను తలుచుకున్నవాళ్ళు ఇప్పుడు వంతెన దాటి, గోదాముల రోడ్డు దాటి, పాత సినిమా హాలు దాకా వెళ్ళి కబుర్లు ఆపకుండా తిరిగి వస్తున్నారు. పొట్ట తగ్గింది. మునుపు ఆయాసం తెప్పించిన వేగం ఇప్పుడు కబుర్ల వేగమైంది. అక్కచెల్లెళ్ళకు మాత్రం ఇబ్బంది వచ్చిపడింది. "మీ ఇద్దరి గొడవ గురించే రోజూ అరగంట మాట్లాడుకునేవాళ్ళం. ఇప్పుడు అక్కకు ఫోన్ చేసి ఏం మాట్లాడాలో తోచడం లేదు" అంది డాక్టరు భార్య.

గేరు సంగతి ఒక్కటే ఇద్దరూ ఎత్తలేదు. డాక్టరు మాత్రం ప్రతి ఆదివారం దాని దాకా వచ్చి వెనక్కి తిరిగేవాడు.

పందెం ముందు ఆదివారం మాస్టారు, "కలిసే పరుగెడదాం, గీత కూడా కలిసే దాటుదాం. ఎవరు ముందొచ్చారని చెప్పుకుంటారో చూద్దాం మామగారు" అన్నారు. డాక్టరు సరేనన్నాడు. నూటికి తొంభై పాళ్ళు మనస్ఫూర్తిగానే అన్నాడు. మిగిలిన పదిపాళ్ళు ఎక్కడికీ పోలేదు, కడుపులో ఒక మూల కూర్చున్నాయి.

పందెం రోజు చల్లగా ఉంది. జనం ఉరుకులు పరుగుల మీద బయలుదేరితే వీళ్ళిద్దరూ పెళ్ళివారిలా నింపాదిగా కదిలారు. వంతెన దాకా మామగారి కబుర్లు, గోదాముల దగ్గర మాస్టారి కొత్త శిష్యురాలి కబుర్లు. సినిమా హాలు దగ్గర తిరిగాక ముందు పరుగెత్తినవాళ్ళు ఒక్కొక్కరే రోడ్డు పక్కన చతికిలబడి కనిపించసాగారు. డాక్టరు ఒళ్ళు తేలిగ్గా ఉంది. ఊపిరి పుష్కలంగా ఉంది. ఇంత ఊపిరి మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో తెలియదు కాబట్టి, ఆరేళ్ళుగా దాచుకున్న మాటను అతను అక్కడ బయటపెట్టాడు.

"అన్నయ్యా, ఆ రోజు అందరి ముందూ గేరు మాట మీరు అనకుండా ఉండాల్సింది. నాకు చాలా కష్టం వేసింది. దాని తరువాత నేను మళ్ళీ బండి ముట్టుకోలేదు."

జవాబు రాలేదు.

 డాక్టరు ముందుకే చూస్తూ, కాళ్ళ చప్పుడు వింటూ, జవాబు కోసం కాచుకుని పరుగెత్తాడు. "తప్పు" అనక్కర్లేదు. "అవును" అన్నా చాలు, "ఊ" అన్నా చాలు. పక్క నుంచి ఏమీ రాలేదు. ఆరేళ్ళ పాత మౌనమే మళ్ళీ పక్కన పరుగెడుతోందని అతనికి అనిపించింది. ఇన్ని ఆదివారాల కబుర్లూ కబుర్లే, అసలు విషయం దగ్గరికి వచ్చేసరికి ఈయన పెద్దల్లుడే, అనుకున్నాడు. మెడ తిప్పి చూశాడు. మాస్టారు రెండడుగులు వెనక ఉన్నారు, మొహం కందిపోయి ఉంది. చెయ్యి ఎత్తి గాలిలో ఊపారు. కోపంలో ఉన్నవాడికి ఆ ఊపు ఒక్కలాగే కనిపిస్తుంది: పో.

పోయాడు. కడుపులో మూలన కూర్చున్న పదిపాళ్ళూ లేచి కాళ్ళలోకి వచ్చాయి. ఎదురుగా ఎవరు కనిపిస్తే వాళ్ళను దాటాడు. కళ్ళజోళ్ళ షాపాయనను దాటాడు, నర్సులిద్దరినీ దాటాడు, వంతెన ఎప్పుడు దాటాడో తెలియనే లేదు. టీచరమ్మ చూసుంటే ఇతను తన శిష్యుడేనా అనుకునేది. గీత దాటి, రెండు చేతులూ మోకాళ్ళ మీద వేసుకుని, తల ఎత్తి, మామగారి కుర్చీ ఎక్కడుందా అని వెతికాడు.

కుర్చీ ఉన్నచోటే ఉంది. మామగారు అల్లుడిని చూశారు, అతని వెనక రోడ్డు చూశారు. "పెద్దవాడేడీ?" అన్నారు.

"వెనక వస్తున్నారు."

"వాడికేం కాలేదు కదా?" అంటూ ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. డాక్టరు గీత దాటిన సంగతి ఆయన చూశారో లేదో కూడా తెలియదు. మెళ్ళో పతకం ఎవరో వేశారు. అది ఇంత బరువు ఉంటుందని అతను అనుకోలేదు.

అప్పుడే సైకిలు మీద టీచరమ్మ వచ్చింది. ఒక్కడినే చూసి సైకిలు దిగింది.

"నీ జత ఏడీ?"

మాట్లాడటం మానేశారండీ, అందుకే వచ్చేశాను, అని చెప్పబోయాడు డాక్టరు. మొదటి రెండు ముక్కలూ నోట్లోంచి వచ్చాయి. మూడోది రాలేదు. టీచరమ్మ అతని వైపే చూస్తోంది. మాట ఆగడమంటే ఏమిటో ఆవిడ చెప్పగా చెప్పగా గేటు దగ్గరి కుక్కలకు కూడా తెలుసు. ఇన్ని ఆదివారాలు ఆ నియమం మీదే పరుగెత్తిన డాక్టరు, తోడల్లుడికి ఊపిరి అందక మాట ఆగితే దాన్ని అహంకారమని అర్థం చేసుకున్నాడు. చెయ్యి ఊపింది పొమ్మని కాదు, ఆగమని.  పతకం తీసి ఆవిడ చేతిలో పెట్టి, జనానికి ఎదురుగా, వచ్చిన దారినే వెనక్కి పరుగెత్తాడు.

వంతెన ఇవతల కనిపించారు మాస్టారు. పరుగెత్తడం లేదు. రోడ్డు అంచున, ఒక చెయ్యి పిట్టగోడ మీద వేసి, కుడికాలు కొంచెం ఈడుస్తూ నడుస్తున్నారు. డాక్టరు పక్కన చేరి తనూ నడిచాడు.

"అన్నయ్యా, కాలు పట్టేసిందా? మీకు ఊపిరి అందలేదని తెలుసుకోలేకపోయాను. కోపంతో పలకలేదనుకున్నాను. నాది బుద్ధి తక్కువ. క్షమించండి."

మాస్టారు నాలుగడుగులు వేశారు.

"జవాబు చెప్పాను డాక్టరూ" అన్నారు. "ఊపిరి అందగానే చెప్పాను. తల ఎత్తి చూస్తే నువ్వు లేవు."

గొంతులో కోపం లేదు. అదే డాక్టరును భయపెట్టింది.

"ఏమన్నారు?" అని అడిగాడు.

మాస్టారు నడుస్తున్నారు. పందెంలో వెనకబడ్డవాళ్ళు ఒకరిద్దరు వాళ్ళను దాటిపోయారు. డాక్టరు మళ్ళీ అడిగాడు, ఈసారి ఇంకా నెమ్మదిగా. పక్కనే ఉన్నాడు కాబట్టి ఆయన ఊపిరి అతనికి స్పష్టంగా వినిపిస్తోంది. ఆయాసం ఎప్పుడో తగ్గిపోయింది. నిదానంగా, తీరిగ్గా, ఎంతసేపైనా మాట్లాడగలిగేలా ఉంది ఆ ఊపిరి. గీత దాకా ఇంకా చాలా దూరం ఉంది. అంత దూరమూ ఇద్దరూ పక్కపక్కనే నడిచారు, మాస్టారు ఇంకో మాట మాట్లాడలేదు.