ఉత్తిచేతులతో పంపలేక

తోళ్ల కార్ఖానా వెనక వీధికి పరిశోధనంటూ ఎవరొచ్చినా అందరి వేళ్లూ ఒకే ఇంటివైపు తిరిగేవి. “పెద్దక్కనడగండి, కళ్లకు కట్టినట్టు చెబుతుంది” అని ఎవరి తలుపులు వాళ్లు వేసుకునేవారు. వాళ్లను అనడానికీ లేదు. పూట పని మానుకుని కూర్చోవడం ఎవరికి కుదురుతుంది? పెద్దక్కకీ కుదరదు. కాకపోతే ఆమెకు కాదనడం రాదు.

ఆమె భర్త కార్ఖానాలో తొట్టి కడగడానికి దిగి, అడుగున పేరుకున్న విషగాలికి అక్కడే పడిపోయాడు. అప్పటికి పిల్లల పాలపళ్లయినా ఊడలేదు. ఆ సంగతి వచ్చినవాళ్లందరికీ చెప్పీ చెప్పీ, ఎక్కడ ఆగాలో, ఎక్కడ కళ్లు తుడుచుకోవాలో కూడా ఆమెకు అలవాటైపోయింది. సాయంత్రం దేవుడి ముందు కూర్చుంటే మాత్రం ఒక్క మాటా వచ్చేది కాదు. ఆయన ఏనాడూ “ఇంకొంచెం వివరంగా చెప్పమ్మా” అనలేదు మరి.

ఈసారి వచ్చిన అమ్మాయి పద్ధతి వేరు. “మీరు ఊరికే జవాబులు చెప్పేవాళ్లు కాదక్కా, ఈ పరిశోధనలో భాగస్వాములు” అంది. భాగస్వామికి పనెక్కువని పెద్దక్కకు త్వరలోనే తెలిసొచ్చింది. వీధి పటం గీయాలి, ఇరుగుపొరుగును పోగేయాలి, తను చెప్పింది తనే మళ్లీ విని తప్పొప్పులు చూడాలి.

“జీతం లేని ఉద్యోగం దొరికిందిగా పెద్దక్కా, ఇక మాతో ఏం మాట్లాడతావులే!” అని పక్కింటావిడ దెప్పింది కూడా.

ఆ రోజు అమ్మాయి రికార్డు చేసిన మాటలు వినిపించింది. పెద్దక్క గొంతు పెద్దక్కకే కొత్తగా ఉంది. “తొట్టిలోకి దిగబోతూ ఆగి, తమ్ముడివైపు తిరిగి, పిల్లల్ని చూసుకోరా అన్నాడు” అంది ఆ గొంతు.

“పుస్తకానికి పేరు కూడా అదే పెడుతున్నామక్కా. ‘పిల్లల్ని చూసుకోరా’. మీరు సరేనంటే చాలు.”

పెద్దక్క సరేనని నోరు తెరవబోయి ఆగిపోయింది. ఈ మాట తనకు ఎవరు చెప్పారు? తొట్టి దగ్గర తను లేదు. తాడు పట్టుకుని పైన నిలబడింది మరిది ఒక్కడే.

“కాసేపాగి చెబుతానమ్మా” అని లేచింది.

మరిదికి వీధి మొదట్లో సైకిళ్లు బాగుచేసే కొట్టుంది. పరిశోధనవాళ్లు కనిపిస్తే చాలు, పానా పట్టుకుని పెరట్లోకి మాయమయ్యేవాడు. పెద్దక్క వెళ్లేసరికి ట్యూబును నీళ్ల తొట్టెలో ముంచి బుడగలు ఎక్కడినుంచి వస్తున్నాయో చూస్తున్నాడు.

“ఏమయ్యా, ఒక మాటడుగుతా, దాచకుండా చెప్పు. దిగేముందు మీ అన్న నీతో, పిల్లల్ని చూసుకోరా అన్నాడా?”

మరిది ట్యూబును నీళ్లలోంచి పైకి తీశాడు.

“అనలేదు వదినా.”

పెద్దక్క అక్కడున్న పెట్టె మీద కూలబడింది. మెల్లమెల్లగా గుర్తొచ్చింది. చాలా ఏళ్ల కిందట ఒకాయన మండుటెండలో వచ్చాడు. చొక్కా చెమటతో ముద్దయిపోయింది. “పోయేముందు పిల్లల గురించి ఏమైనా అన్నాడామ్మా?” అని ఎంతో ఆశగా అడిగాడు. ఇంటికొచ్చిన మనిషిని ఉత్తిచేతులతో పంపలేక “అన్నాడు బాబూ” అంది. ఆపైన వచ్చినవాళ్లందరికీ అదే చెప్పింది. చివరికి తనూ నమ్మేసింది.

“మరి నువ్వెందుకు ఊరుకున్నావయ్యా? వీధివీధంతా ఆ మాటే అంటోందే! పెళ్లి మాటెత్తితే, పిల్లలున్నారుగా అని దాటేసేవాడివి. దీనికోసమేనా?”

“నువ్వు చెప్పాక అన్నట్టే అయింది కదా వదినా.” మరిది చిన్నగా నవ్వాడు. “అయినా నాకొచ్చిన సంబంధంలో పిల్లను నువ్వు చూళ్లేదు. చూసుంటే నువ్వే వద్దనేదానివి.”

పెద్దక్కకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. పైటతో మొహం తుడుచుకుని, ముందుకు వంగింది.

“ఇంతకీ అసలేమన్నాడు?”

“చొక్కా విప్పి నా చేతికిచ్చి, జాగ్రత్తరా, మరకైతే మీ వదిన చంపేస్తుంది అన్నాడు.”

ఇన్నేళ్లలో ఆమె ఎవరికీ చెప్పని ముక్క అది. తనకే తెలియనిది ఎలా చెబుతుంది?

అంతలో ఆ అమ్మాయి వెతుక్కుంటూ కొట్టు దగ్గరికి వచ్చింది. “అక్కా, సరేనంటారా?”

“లేదమ్మా, ఆ మాట తీసేయండి. ఆయన అనలేదు. అడిగినాయనకు లేదని చెప్పలేక నేనే కల్పించా. పుస్తకానికి వేరే పేరు చూసుకోండి.”

అమ్మాయి మొహం వాడిపోయింది. “మరి నిజంగా ఏమన్నారక్కా?”

ఆ గొంతులో ఆత్రం చూసి పెద్దక్కకు కోపం రాలేదు. ఇప్పుడే తనూ అలాగే అడిగింది కదా. “విన్నది మా మరిది. చెప్పాలో వద్దో అతని ఇష్టం” అంది.

మరిది పెరట్లోకి పోలేదు. ట్యూబు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. “మీరేమీ అనుకోకండి మేడమ్. వదినకే ఇంకా పూర్తిగా చెప్పలేదు.”

అమ్మాయి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. “నన్ను మళ్లీ రమ్మంటారా?”

“ఎండ తగ్గాక వెళ్దువుగాని, ఆ నీడన కూర్చో తల్లీ” అంది పెద్దక్క. “నీకివ్వడానికి మాత్రం ఇవాళ నా దగ్గర ఏమీ లేదు.”

అమ్మాయి రికార్డరు సంచిలో పెట్టేసుకుని గోడవారకు వెళ్లింది. పెద్దక్క పెట్టెను మరిది దగ్గరికి జరుపుకుంది.

“ఊఁ, చెప్పు. ఏ చొక్కా?”