కట్టు కోడి

మా కంపెనీ పేరు చెప్పను. చెప్తే ఉచితంగా ప్రచారం చేసినట్టవుతుంది, జీతానికి చేసింది చాలు. వాళ్ళు అమ్మేది టమాటా ముద్ద డబ్బాలు, నేను తోలేది ఆ డబ్బా బొమ్మ వేసిన లారీ. పక్క రేకు దించితే అదే వేదిక. పైన స్పీకర్లు, లోపల గ్యాసు పొయ్యి, సరుకు, ఇద్దరు ఆడవాళ్ళు. కేప్ కోస్ట్ దారిలో ఎక్కడ సంత ఉంటే అక్కడ ఆగుతాం. పాట పెడతాం, జనం మూగుతారు, మా వాళ్ళు కూర వండి అందరికీ రుచి చూపిస్తారు, డబ్బాలు అమ్ముతారు. పొద్దు వాలగానే రేకు ఎత్తేసి ఇంకో ఊరు.

ఆ బండికి ప్రాణం మాన్సా. కంపెనీ లెక్కలో ఆమె బ్రాండ్ అంబాసిడర్. ఆ మాట విని మా అమ్మ, ఏ దేశానికి పంపుతున్నార్రా అని అడిగింది. మాన్సా మైకు పట్టుకుంటే చేపల గంప నెత్తిన పెట్టుకుని పోతున్న మనిషి కూడా ఆగి నవ్వాల్సిందే. సబ్బులు, పాలపొడి, దోమల మందు, ఇలా ఏళ్ళ తరబడి బళ్ళ మీదే బతికింది. ఎప్పుడూ ఏదో ఒక కంపెనీ చొక్కానే. "నా సొంత బట్టలు కట్టుకుని ఊళ్ళో నడిస్తే మా అమ్మే గుర్తుపట్టదు, కోబినా అన్నా," అనేది.

రెండో మనిషి అరబా. చిన్నపిల్ల, మాట తక్కువ, పని ఎక్కువ. వంట ఆమెది, పంచడం కూడా సగం ఆమెదే. మాన్సాని అక్కా అక్కా అంటూ కొంగు పట్టుకుని తిరిగేది.

ఈసారి తిరుగుడుకి ముందే ల్యాంప్టీ సార్ ఒక మాట చెప్పాడు. రాజధాని అక్రాలోని ఆఫీసు నుంచి మా మీద అజమాయిషీ ఆయనదే. ఈ దారి పొడుగునా పెద్ద బోర్డులు పెడతారట, వాటి మీద మా వాళ్ళలోనే ఒకరి ముఖం వేస్తారట. ఆ ముఖం ఎవరిదైతే వాళ్ళకి అక్రాలో కుర్చీ వేసి ఉద్యోగం. మధ్యలో బండి దిగిపోయినవాళ్ళని మాత్రం లెక్కలోకి తీసుకోరు. మాన్సాకి ముప్పై దాటి చాన్నాళ్ళయింది. ఆమె జాగాలోకి రావడానికి ఇరవై ఏళ్ళ పిల్లలు వరసగా నిలబడి ఉన్నారు. "ఇది నాకు ఆఖరి బండి అన్నా," అంది నాతో. "దీని మీంచి బోర్డెక్కుతానో, ఇంటికెళ్ళి మొక్కజొన్న పిండితో కెంకే ముద్దలు చుట్టుకుంటానో."

సాల్ట్‌పాండ్‌లో వాన పడి ఆగాక ఆట మొదలెట్టాం. రేకు మెట్లు తడిగా ఉన్నాయి. మాన్సా ఆడుతూ దిగబోయి జారి, కుడి చేతి మీద పడింది. కింద పడ్డ మనిషి మైకు వదల్లేదు. "చూశారా, మా డబ్బా పేరు చెప్తే నేల కూడా నన్ను పిలుస్తోంది," అంది. జనం విరగబడి నవ్వారు. ఆట అయ్యాక క్యాబిన్‌లోకి వచ్చి కూర్చుంటే చూశాను, మోచేతికీ మణికట్టుకీ మధ్య చెయ్యి వంకర తిరిగి ఉంది. 

ఆసుపత్రికి పోదామన్నాను.

"పోతే తెల్ల కట్టు కడతారు. దాన్నెక్కడ దాచను? సార్ చూసిన రోజే నన్ను దింపేస్తాడు."

"చెయ్యి పోతే?"

"బండి పోతే? అది చెప్పు ముందు."

ఇంక చేసేది లేక ఊరవతల ఎముకలు కట్టే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను. మా దగ్గర కట్టు పద్ధతి అందరికీ తెలిసిందే. ముందు ఆయన మాన్సా చెయ్యి సరిచేసి, ఆకు పసరు పూసి, సన్నటి వెదురు బద్దలు పెట్టి గుడ్డతో బిగించాడు. తరవాత ఒక కోడిపెట్టని తెప్పించి దాని కాలు విరిచాడు. అప్పటిదాకా పళ్ళు బిగించుకుని కూర్చున్న మాన్సా ఆ చప్పుడికి ఏడ్చేసింది. కోడి కాలికి కూడా అదే పసరు, అవే బద్దలు. 

"ఇక్కడే ఉండు," అన్నాడాయన. 

"ఉండలేను నానా, తిరిగే పని," అంది మాన్సా. మా వైపు పెద్దవాళ్ళని, ఆడైనా మగైనా, నానా అనే అంటాం.

"అయితే దీన్ని తీసుకుపో. ఇది నడిచిన రోజు నీ కట్టు విప్పుకో. ఈలోపు దీనికేమన్నా అయితే నా దగ్గరికి రా, మొదట్నించీ కట్టాలి. నీ అంతట నువ్వు విప్పావో, చెయ్యి నీ మాట వినదు."

అలా కోడి మా బండెక్కింది. బుట్టలో పెట్టి, గుడ్డ కప్పి, క్యాబిన్‌లో నా పక్కన కూర్చోబెట్టాం. ముందు సీటు దానిదే కాబట్టి నేను దాన్ని మేడమ్ అనేవాణ్ణి. అరబా కెంకే మెదిపి పెట్టేది. లారీ గుంతలో పడితే మాన్సా తన చెయ్యి కంటే ముందు బుట్టనే పట్టుకునేది.

చెయ్యి దాచడం మాత్రం మామూలు పని కాదు. కంపెనీ రంగు గుడ్డ తీసుకుని పొడుగు చేతుల రవిక కుట్టించుకుంది. ల్యాంప్టీ సార్ ఫోటోలో చూసి, భలే ఉంది, అందరూ అలాగే కుట్టించుకోండి అన్నాడు. పసరు వాసనకి సెంటు కొట్టుకునేది. అసలు చిక్కు పంచడం దగ్గర వచ్చింది. మా వాళ్ళకి ఎడమ చేత్తో ఏదన్నా ఇస్తే ముఖం మీద ఉమ్మినట్టే, ఇక వాళ్ళు మన డబ్బా కొంటారా? అందుకని మైకుని కుడి చేతి వేళ్ళలో ఇరికించుకుని గుండెకి ఆనించుకునేది, ఇచ్చే పనంతా అరబాకి వదిలేసింది. నడుస్తున్న రేడియోలా రోజంతా నవ్వుతూ మాట్లాడి, క్యాబిన్‌లోకి వచ్చి కళ్ళు మూసుకుని చెమటలు కక్కేది.

రోజూ తెల్లారగానే బుట్ట దింపి గుడ్డ తీసేది. "ఏమ్మా మేడమ్, ఇవాళన్నా లేస్తావా?" అని అడిగేది. మొదట్లో అది ఒంటి కాలి మీద ఒరిగిపోయేది. కొన్నాళ్ళకి కట్టు కాలు నేలకి ఆనించింది. విన్నెబాలో ఉండగా ఆ కాలి మీద ఒక్క క్షణం బరువు మోపి నిలబడింది. మాన్సా చిన్నపిల్లలా నా వీపు మీద కొట్టి, "చూశావా, చూశావా," అంది. ఆ రోజు వేళ్ళు కూడా కాస్త తేలిగ్గా కదిలాయని చెప్పింది.

అప్పుడొచ్చింది అపామ్ అనే చేపల ఊరు. మంగళవారం మా తీరంలో ఎవరూ సముద్రంలోకి పోరు, అది సముద్రం రోజు. మగాళ్ళంతా ఒడ్డునే వలలు బాగుచేసుకుంటూ ఉంటారు కాబట్టి కంపెనీ చేపల ఊళ్ళన్నిటికీ మంగళవారమే ఆట పెడుతుంది. ఆ రోజు ల్యాంప్టీ సార్ స్వయంగా వచ్చాడు. బోర్డు సంగతి తేల్చడానికే వచ్చాడని ముగ్గురికీ తెలుసు.

వంటకి రావాల్సిన కోడి మాంసం రాలేదు. ముందురోజంతా కరెంటు లేక కోల్డ్ స్టోర్‌లో సరుకు పాడైంది. సార్ వాచీ చూసుకుంటూ బండి చుట్టూ తిరిగాడు. క్యాబిన్ తలుపు తీసే ఉంది. మేడమ్ గుడ్డలోంచి తల బయటికి పెట్టి ఆయన్నే చూసింది. 

"ఇదిగో ఉందిగా కోడి. ఇంకేం వెతుకుతున్నారు?"

"అది నాది సార్," అన్నాను. "మా అమ్మకి తీసుకెళ్తున్నా."

"మీ అమ్మకి రెండు కొనిస్తానయ్యా. అరబా, కానియ్."

"చేపలు వేసి వండుదాం సార్," అంది అరబా. "ఒడ్డున బోలెడున్నాయి."

"చేపల వాళ్ళకి చేపల కూర రుచి చూపిస్తావా? బుర్ర ఉందా నీకు?"

అరబా చేతిలో కత్తి ఉంది. ఆ పిల్ల సార్ వైపు చూడలేదు, మాన్సా వైపు చూసింది. నేనూ చూశాను. సార్, అది నా కట్టు కోడి, అని ఒక్క మాట అంటే చాలు. ఆయనదీ మా దేశమే, ఆ మాట విన్నాక కత్తి పెట్టించేంత గుండె ఆయనకీ లేదు. కానీ ఆ మాటతో పాటు చెయ్యీ బయటపడుతుంది, చెయ్యితో పాటు బోర్డూ పోతుంది. మాన్సా పెదాలు కదిలాయి. తరవాత మైకు తీగ సర్దుకుంటున్నట్టు తల దించుకుంది. నాకు ఒళ్ళు మండింది, ఏడుపూ వచ్చింది. 

అరబా బుట్ట పట్టుకుని లారీ వెనక్కి వెళ్ళింది. కోసే ముందు దాని కాలికున్న బద్దలు ఒక్కొక్కటే విప్పి, గుడ్డలో చుట్టి తన సంచిలో పెట్టుకుంది.

ఆట బ్రహ్మాండంగా జరిగింది. ఆ మాట చెప్పడానికే సిగ్గుగా ఉంది. మాన్సా అంత బాగా మాట్లాడగా నేనెన్నడూ వినలేదు. కూర ఉడికి వాసన వీధంతా పాకింది. మొదటి పళ్ళెం చేపల సంతకి పెద్ద అయిన నానా ఎసీకి ఇవ్వాలి, అదీ మైకు పట్టుకున్న మనిషే స్వయంగా ఇవ్వాలి. సంతలో అడుగు పెట్టిన ఏ కంపెనీ అయినా తప్పించుకోలేని మర్యాద అది. ముసలావిడ ముక్కాలి పీట మీద కూర్చుని ఉంది. నేను గొడుగు పట్టుకుని పక్కనే నిలబడ్డాను.

మాన్సా పళ్ళెం కుడి చేతిలోకి తీసుకుని ముందుకి వంగింది. చెయ్యి సగం దూరం వెళ్ళి ఆగిపోయింది. పళ్ళెం వణికి, పులుసు అంచు దాటింది. ఎడమ చెయ్యి కింద పట్టి, "క్షమించు నానా, ఎడమ తగిలింది," అని మెల్లగా అంది. 

నానా ఎసీ పళ్ళెం అందుకోలేదు. మాన్సా చేతినే పట్టుకుంది. రవిక మీదుగా వేళ్ళతో తడిమి బద్దలు గుర్తుపట్టింది. 

"ఎవరు కట్టారు?" గొంతు తగ్గించి అడిగింది.

"సాల్ట్‌పాండ్ పెద్దాయన."

"కోడి ఏదీ?"

మాన్సా కళ్ళు పళ్ళెం మీదికి పోయాయి. ముసలావిడ కూడా పళ్ళెంలోకి చూసింది. చాలాసేపు చూసింది.

"నీ చేతిని వండుకుని నాకు తినిపించడానికి వచ్చావటే తల్లీ," అంది.

అంత మెల్లగా అంది కాబట్టి మా ఇద్దరికే వినిపించింది. తరవాత పళ్ళెం తీసుకుని, తినకుండా పీట కింద పెట్టేసి, జనం వైపు తిరిగి, "కూర బాగుంది, కొనుక్కోండి," అని గట్టిగా చెప్పింది. ఊరు ఊరంతా మీద పడింది. చీకటి పడేలోగా బండిలో ఒక్క డబ్బా మిగల్లేదు. ల్యాంప్టీ సార్ మాన్సా భుజం తట్టి, ఇంక నేను చెప్పేదేముంది అన్నాడు.

ఆ రాత్రే సాల్ట్‌పాండ్ పోదామని నేను బతిమాలాను. ఇంకో కోడిని తెచ్చుకుని మళ్ళీ కట్టించుకోమన్నాను. "తిరుగుడు అవనీ అన్నా," అంది. తిరుగుడు మాంకెసిమ్‌లో అయ్యింది. ఆ ఆఖరి ఆటకి కంపెనీ పెద్దలు వస్తున్నారు, చేతులెత్తి ఆడాలి. అందుకని ముందురోజే తన అంతట తనే కట్టు విప్పేసుకుంది. ఆడింది కూడా. బోర్డు ఆమెకే వచ్చింది.

ఫోటోకి అక్రా వెళ్ళాం. నన్ను బండితో రమ్మన్నారు, అరబాని వంట సామాను మోయడానికి రమ్మన్నారు. ఫోటో తీసేవాడు నా చేతికి ఒక పెద్ద వెండి రంగు అట్ట ఇచ్చి, వెలుతురు ఆమె ముఖం మీద పడేలా పట్టుకోమన్నాడు. మాన్సా ముఖం అంత దగ్గర నుంచి, అంత అందంగా ఎప్పుడూ చూడలేదు. చెయ్యి చాపి, అరచేయి పైకి తిప్పి, డబ్బా అందులో నిలబెట్టాలి. 

అరచేయి తిరగలేదు. ఆమె భుజం వంచింది, నడుం తిప్పింది. డబ్బా జారి మళ్ళీ మళ్ళీ కింద పడింది. "పడుకున్నప్పుడు ఒత్తుకుంది సార్," అంది మాన్సా. ల్యాంప్టీ సార్‌కి ఆలస్యం అవుతోంది. "చేతిదేముంది? ముఖం ఈమెది చాలు. అరబా, నువ్వు వెనక నిలబడి నీ చెయ్యి ముందుకి పెట్టు."

అరబా మాన్సా వెనక ఒదిగి నిలబడింది. మాన్సా చంక కిందుగా తన కుడి చెయ్యి చాపి, అరచేయి తిప్పి డబ్బా పట్టుకుంది. మాన్సా తన చేతిని వీపు వెనక్కి పెట్టుకుంది. చూస్తే ఒకే మనిషిలా ఉన్నారు. 

ఫోటో తీసేవాడు నవ్వమన్నాడు. అప్పుడే అరబా, ఆమె చెవి దగ్గర మాట్లాడింది. నేను అట్ట పట్టుకుని అక్కడే ఉన్నాను కాబట్టి విన్నాను. 

"ఆ రోజు చెప్తావేమోనని చూశాను అక్కా. కత్తి పట్టుకుని చాలాసేపు చూశాను. ఒక్క మాట నువ్వని ఉంటే, సార్ నన్ను కొట్టినా దాన్ని కోసేదాన్ని కాదు."

మాన్సా నవ్వింది. ఆమెకి వచ్చిన పని అదే. కేప్ కోస్ట్ దారిలో ప్రతి మలుపులోనూ మీకు కనిపించేది ఆ మాట విన్నాక నవ్విన నవ్వే.