కనుమలో మిగిలిన నీడ

పొద్దు వాలేసరికి సరస్సు మీద, గాలిపటం లాగుతుంటే స్కీల మీద దూసుకుపోయే ఆట ఆగిపోతుంది. నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు గాలిపటాలు మడిచి, స్కీలు భుజాన వేసుకుని, వేడి సూప్ కోసం హోటల్ వైపు నడుస్తారు. వాళ్లకు ఆట నేర్పే స్వైనుంగ్‌కి అసలు పని అప్పుడు మొదలవుతుంది. చెక్కపార, లాగుడుబండి తీసుకుని గడ్డకట్టిన సరస్సు మీదికి దిగి, ఆనాటి నీడలన్నీ ఎత్తుతాడు.

హౌగ్‌సెట్ ఊళ్లో ఇది తాతలనాటి పనే. నడిచేవాడి నీడ వాడి వెంటే వస్తుంది. స్కీల మీద జారేవాడిదీ అంతే, కాస్త వెనకబడినా ఒగరుస్తూ వచ్చి అందుకుంటుంది. గంటకు యాభై కిలోమీటర్లు దాటితే మాత్రం దానివల్ల కాదు. మడమ దగ్గర తెగి, పడ్డచోటే మంచుకు అంటుకుపోతుంది. మనిషికి తెల్లారేసరికి ఇంకోటి మొలుస్తుంది, గోరు మొలిచినట్టు. పడ్డది మాత్రం పడ్డట్టే ఉంటుంది. వెనకట గుర్రం బెదిరి పరుగు తీస్తే, రైతు పార పట్టుకుని వెళ్లి దాని నీడను చాపలా చుట్టి తెచ్చి కొట్టం వెనక గోతిలో వేసేవాడు. వేసవికి అది చివికిపోయేది. పడేసినవాడే ఎత్తాలి, నేర్చుకునేవాళ్లవి నేర్పేవాడు ఎత్తాలి, అది ఊరి కట్టుబాటు. ఎందుకంటే అడవి రెయిన్‌డీర్లు, ఆ మంచుసీమ జింకలు, మంచు మీద పడున్న నీడను దాటవు. నల్లగా పరుచుకున్నదేదైనా వాటికి గద్దే.

"ఎన్ని?" గట్టు మీద నుంచి తారాల్డ్ కేకేశాడు. స్వైనుంగ్ భార్య గున్‌వోర్‌కి తండ్రి. సరస్సు అవతల ఎర్ర కర్రలు పాతిన చోట మొదలయ్యే విద్దకు, అంటే ఆ చెట్టులేని పెద్ద మంచు మైదానానికి, ముప్ఫై ఏళ్లుగా కాపలాదారు.

"ఇరవై రెండు మామా."

"ఇరవై మూడు. ఎర్ర టోపీ పిల్లది కూడా తెగింది. దుర్భిణిలో చూశా."

"నీకు వేరే పని లేదా?"

"ఇదే నా పని. జీతమిచ్చేది ఇందుకేగా."

స్వైనుంగ్ గొణుక్కుంటూ వెనక్కి వెళ్లాడు. ఇరవై మూడోది రెల్లు పక్కన దొరికింది.

సరస్సు వాడికి చాలడం లేదు. ఎటు పోయినా మూడు కిలోమీటర్లకే ఒడ్డు తగులుతుంది. ఎర్ర కర్రలు దాటితే నూట ఇరవై కిలోమీటర్ల తెల్లటి నేల, అడ్డులేని గాలి. కానీ అది రక్షిత ప్రాంతం. స్కీలు వేసుకుని ఎవరైనా వెళ్లొచ్చు, గాలిపటం కట్టుకుని వెళ్లకూడదు. ఫిబ్రవరి నుంచి ఈస్టర్ దాకా ఆ నిషేధం తీసేయమని వాడు కౌన్సిల్‌కి అర్జీ పెట్టాడు.

బడి హాల్లో సభ పెట్టారు. వాఫల్స్, గోధుమరంగు చీజు, కాఫీ. ఊరంతా వచ్చింది. కౌన్సిల్ అధ్యక్షురాలు బోర్గ్‌హిల్ద్ చెంచాతో కప్పు మీద కొట్టి మొదలుపెట్టమంది.

హోటల్ యజమాని ఓద్‌మున్ ముందు లేచాడు. "ఇంజన్ లేదు, పొగ లేదు, చప్పుడు లేదు. ఉత్త గాలి. దేవుడు ఊరికే ఇచ్చింది. దానికీ తాళం వేస్తారా?"

"ఊరికే ఇచ్చింది కదా, కిటికీ ఉన్న గదికి ఎక్కువ అద్దె ఎందుకు తీసుకుంటావ్?" వెనక బెంచీలోంచి ఎవరో అన్నారు. హాలంతా నవ్వింది.

స్వైనుంగ్ నల్లబల్ల దగ్గరికి వెళ్లి సుద్దముక్క తీసుకున్నాడు. "స్కీల మీద మనిషి రోజుకు ఇరవై కిలోమీటర్లు పోతాడు. గాలిపటంతో ఎనభై. అంటే జింకల పక్కన మేం ఉండేది నాలుగో వంతు సేపు. చూసేలోపు మాయమైపోతాం."

తారాల్డ్ కూర్చున్నచోటి నుంచే అన్నాడు. "స్కీవాడు రోజుకొక మందను బెదరగొడితే నువ్వు నాలుగు మందల్ని బెదరగొడతావు. మా అల్లుడు కూడికలు బాగా చేస్తాడు. తీసివేతలు చెప్పే రోజున బడి ఎగ్గొట్టినట్టున్నాడు."

నవ్వులు తగ్గేదాకా స్వైనుంగ్ ఆగాడు. "ఈ బడిలో ఇప్పుడు పదకొండు మంది పిల్లలున్నారు మామా. వచ్చే ఏడాది తొమ్మిది. పనుల్లేక జనం ఊరు వదిలిపోతున్నారు. ఆ తీసివేత నాకు వచ్చు."

బోర్గ్‌హిల్ద్ కిటికీలోంచి బడి ఆవరణలోని ఖాళీ ఉయ్యాల వైపు చూసింది.

తారాల్డ్ లేచాడు. గొంతు తగ్గించాడు. "నల్ల కనుమ తొంభై మీటర్ల వెడల్పు. ఇటు బండ, అటు బండ. వసంతంలో చూలు జింకలు ఈనే చోటికి పోవడానికి అదొక్కటే దారి. అక్కడ ఒక్క నీడ మిగిలిందంటే వాటికి దారి లేనట్టే. ఈ హాల్లో ఉన్నవాళ్లకు ఆ సంగతి నేను చెప్పాలా?"

"మిగలదు," అన్నాడు స్వైనుంగ్. "ప్రతి నీడా నా చేత్తో నేనే ఎత్తుతా. మాటిస్తున్నా."

"అందరి ముందా?"

"అందరి ముందే."

కౌన్సిల్ చేతులెత్తింది. ఒక్క ఏడాదికి, ఆ షరతు మీద, అనుమతి దొరికింది. బయట కోట్లు తొడుక్కుంటున్నప్పుడు తారాల్డ్ అల్లుడి చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వు మాటిచ్చింది నాక్కాదు. వాటికి. అవి మళ్లీ గుర్తుచెయ్యవు."

వాడు మాట మీద నిలబడ్డాడు. ఆ శీతకాలమంతా చీకటి పడేలోపు పార పట్టుకుని విద్దంతా తిరిగాడు. బండి నిండి పొర్లేది. అరచేతులు కాయలు కాశాయి. ఈస్టర్‌కు ముందు తారాల్డ్ జేబులోంచి ఒక నారింజ తీసి వాడి చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. "మా నాన్న నాక్కూడా ఎప్పుడూ పండు ఇవ్వలేదు," అంది గున్‌వోర్.

అనుమతి ముగిసే చివరి రోజున నేర్చుకునేవాళ్లందరూ ఊళ్లకు వెళ్లిపోయారు. పడమటి నుంచి గాలి, సాగదీసిన దారంలా నిండుగా, ఒకే తీరుగా. వాడు పదిహేను మీటర్ల పెద్ద గాలిపటం తీశాడు. ఎవరికీ నేర్పక్కర్లేదు, ఎవరినీ కనిపెట్టుకుని ఉండక్కర్లేదు. నల్ల కనుమలోకి దూసుకెళ్లినప్పుడు చేతి గడియారం గంటకు తొంభై ఆరు కిలోమీటర్లు చూపించింది. వెనకాల నీడ తెగిన చప్పుడు వినిపించింది, కొత్త గుడ్డ చింపినట్టు. వాడు పెద్దగా నవ్వాడు. ఆ నవ్వు బండలకు తగిలి తిరిగొచ్చింది. వచ్చేటప్పుడు ఎత్తుదాంలే అనుకున్నాడు.

వచ్చేటప్పటికి ముందు చెయ్యి కనపడనంత మంచు. దారి గుర్తుకు పాతిన కర్ర నుంచి కర్రకు తడుముకుంటూ ఇల్లు చేరాడు. మూడు రోజులు కురిసింది. తెరిపి ఇచ్చాక పొడుగాటి గెడ పట్టుకుని కనుమకు వెళ్లి పొడిచి పొడిచి చూశాడు. మంచు నిలువెత్తు దాటి ఉంది. కింద ఉన్నది మంచుతోపాటే కరుగుతుందిలే అని సరిపెట్టుకున్నాడు. మంచు కరుగుతుంది, నీడ కరగదు. ఆ ఊళ్లో అది తెలియనివాళ్లు లేరు. వాడికీ తెలుసు.

ఆదివారం మామగారింట భోజనం. ఎండబెట్టిన గొర్రె మాంసం, బంగాళదుంపలు.

"కనుమ శుభ్రమేనా?"

"శుభ్రమే మామా," అని స్వైనుంగ్ ఇంకో దుంప వేసుకున్నాడు.

మే మొదట్లో ఒక ఉదయం ఫోన్ మోగింది. "పార తీసుకుని రా," అని పెట్టేశాడు తారాల్డ్.

ఎండ కళ్లు పొడుస్తోంది. కనుమ ముందు నాలుగు వందల దాకా జింకలు, పొట్టలు బరువుగా, ఒక్క అడుగు ముందుకు పడకుండా. అన్నిటికన్నా ముందు ముసలి ఆడజింక ముక్కుపుటాలు ఎగరేస్తూ నేలను చూస్తోంది. మంచు తరిగి నీడ పైకి తేలింది. ఆనాటి ఏటవాలు ఎండకు సాగి, ఈ బండ నుంచి ఆ బండ దాకా రెక్క చాచిన గద్దలా గాలిపటం, దాని కింద వెనక్కి వాలి తీగలు లాగుతున్న మనిషి.

"నాదే," అన్నాడు స్వైనుంగ్.

"చూస్తూనే ఉన్నా."

తిట్టలేదు. తిడితే బాగుండేది. వాడు పార దించాడు. ఖంగుమంది. కరిగిన నీటికి నాని, చలికి బిగిసి, మళ్లీ నాని, నీడ నేలలోకి ఇంకిపోయింది. అంచు కూడా లేవలేదు. ఆగలేని రెండు జింకలు అక్కడే ఈనాయి. కాకులు దిగాయి. ముసలి జింక తల తిప్పి పక్క వాలు కిందికి చూసింది. కింద పొడుగాటి కుంట, పైన వసంతపు మంచుగడ్డ, బూడిద రంగులో, తేనెపట్టులా గుల్లగా. అది ఆ దారి పట్టింది. మంద కదిలింది.

"నేను మళ్లిస్తా," తారాల్డ్ స్కీలు బిగించాడు. "నువ్వు దారి చెయ్యి."

"పారకి రావట్లేదు మామా!"

"రాదు. నానిన నీడకు వేరు నీ మడమ దగ్గరుంది." అంతే చెప్పి వాలు కిందికి జారిపోయాడు.

స్వైనుంగ్‌కి అర్థమైంది. ఒంటిమీద బతికున్న నీడను మడమ దగ్గర కోసేస్తే పడ్డ నీడ అప్పుడే చచ్చిపోతుంది. అలా చేత్తో కోసింది మళ్లీ మొలవదు. బోర్గ్‌హిల్ద్ వాళ్ల పెదతాత ఒకాయన అలా కోసుకున్నాడు. ఆ తర్వాత గాలికీ, జంతువుల కంటికీ ఆయన ఆనలేదు. పడవెక్కితే తెరచాప ముడుచుకునేది, పొయ్యి ఊదితే నిప్పు రాజుకునేది కాదు. అలాగే ఎనభై రెండేళ్లదాకా బతికాడు.

వాడు పార తిప్పి మడమ వెనక పెట్టాడు, కోయలేక తీశాడు. కనుమలో గాలి మెల్లగా వాడి మెడ నిమిరింది. ఇంకొక్కసారి తవ్వి చూద్దామనుకున్నాడు. తవ్వాడు. మోకాళ్ల మీద కూలబడి గోళ్లతో గీకాడు. ఇంకొక్కసారి అనుకున్నాడు.

కింద మంచు విరిగింది. ఉరుములా కాదు, పెద్ద తలుపు మూసినట్టు. ముసలి జింకకు అడ్డంగా చేతులు చాచుకుని నిలబడ్డ తారాల్డ్, దాని వెనక వచ్చినవి, అన్నీ ఒక్కసారే కిందికి పోయాయి. వెనక నుంచి తోసుకొచ్చేవి ఇంకా దిగుతూనే ఉన్నాయి.

స్వైనుంగ్ మడమ వెనక పార దించాడు. నొప్పి లేదు, చల్లగా ఏదో జారిపోయినట్టయింది. కనుమ తెల్లబడింది. వాలు మీద మిగిలినవి తలలెత్తి చూశాయి, తిరిగాయి, కనుమలోంచి పరుగు తీశాయి. వాడి పక్కనుంచే, భుజాలు రాసుకుంటూ. ఒక్కటీ వాడివైపు చూడలేదు. అలవాటుగా లెక్కపెట్టాడు. రెండు వందల డెబ్బై.

అప్పుడు కుంట వైపు పరుగెత్తాడు. నీళ్ల మీద ఒక చేతితొడుగు తేలుతోంది.

తారాల్డ్ జూన్‌లో దొరికాడు. చర్చి పెరట్లో మట్టి వేసి వచ్చాక గున్‌వోర్ మొగుణ్ణి మిట్టమధ్యాహ్నం వాకిట్లో నిలబెట్టి, వాడి కాళ్ల చుట్టూ ఉన్న నేలను చూసింది. "ఎప్పుడు కోసుకున్నావ్?" అంది.

"మంచు విరిగాక."

ఆమె లోపలికి వెళ్లింది. ఆ రోజు నుంచి కంచం పెడుతుంది, మాట పెట్టదు.

ఆ చలికాలం వాడు ఒక్కసారి సరస్సు మీద గాలిపటం విప్పాడు. ఇళ్ల కప్పులు లేపే గాలి. పటం తడిగుడ్డలా కాళ్ల దగ్గర పడింది. ఆట నేర్పడం మానేశాడు. ఓద్‌మున్ నేర్పడానికి కొత్తవాళ్లను తెచ్చి కొత్త అర్జీ పెట్టాడు. సభలో మళ్లీ వాఫల్స్, మళ్లీ వాదం, ఏమీ తేలకుండా వాయిదా. కాపలాదారు ఉద్యోగం ఖాళీగా ఉంది. స్వైనుంగ్‌ని చూసి జింకలు బెదరవని అప్పటికే అందరికీ తెలుసు. బోర్గ్‌హిల్ద్ ఆ పని వాడికి రాసిచ్చింది.

మళ్లీ మే వచ్చింది. జింకలు ఈనే చోట, కనుమ అవతల, వాడు మంద మధ్యలో రాయి మీద కూర్చుని దూడలను లెక్కపెడుతున్నాడు. పోయిన ఏడాదికన్నా తక్కువే ఉన్నాయి. అప్పుడే ఈనిన దూడ ఒకటి తడబడుతూ వచ్చి, ఏ బండో అనుకుని వాడి మోకాలికి ఆనుకుని పడుకుంది. తల్లి వాడిలోంచి చూస్తూ మేస్తోంది. వాడు కదల్లేదు. పడమటి నుంచి గాలి లేచింది. దూడ వెంట్రుకలు రేగాయి, గడ్డి వంగింది. వాడి తలమీద ఒక్క వెంట్రుకా కదల్లేదు.