నడుమున నీడ ఉన్న కోలవజ్రం

నేను ఒక కోలవజ్రాన్ని. తొలకరి వాన వెలిసిన మర్నాడు పత్తికొండ వైపు ఒక వేరుశనగ చేలో దొరికాను. సూరత్‌లో నన్ను సానపట్టినాయన, గుండ్రంగా చేస్తే సగం పొడైపోతానని కోలగా చెక్కాడు. ఆ పొదుపులో నా నడుముకు అడ్డంగా సన్నని నీడ మిగిలిపోయింది. దానివల్లే తణుకులో ఒక నగల దుకాణంలో రెండేళ్ళు ఎవరికీ పట్టకుండా ఉండిపోయాను.

ఒక మధ్యాహ్నం కోళ్ళఫారం అబ్బులుగారు భార్య సత్యవేణితో వచ్చారు. ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఆమెకు ఆయన ఒక్క నగా కొనలేదు. సంపాదించిందంతా కోళ్ళే తిన్నాయి. ఇప్పుడు ఉంగరానికి రాయి కావాలి.

దుకాణంలో పనిచేసే హైమ అయిదు కోలవజ్రాలు ముందుంచింది. అబ్బులుగారి ముఖం వికసించింది.

"ఇయ్యి గుడ్లే కదే!"

జేబులోంచి టార్చి తీసి, ఫారంలో గుడ్లు చూసినట్టే ఒక్కొక్కదాని వెనక వెలుగు వేశారు. "ఇది మురిగింది. ఇది పెంకు పలచన. ఇదీ అంతే. ఇది పర్లేదు." నా దగ్గరకొచ్చేసరికి ఉలిక్కిపడ్డారు. "ఒసే, ఇందులో కోడిపిల్ల ఉందే!"

యజమాని పరుగున వచ్చి, పిల్ల లేదని ధ్రువపత్రం చూపించాడు.

"కాగితం కోడేమన్నా రాసిందా అండీ? నీడ కనిపిత్తంటే!"

సత్యవేణి నన్ను వేలిమీద పెట్టుకుని చాలాసేపు చూసింది. "నాకిదే కావాలండి."

"నీడుందే బాబూ!"

"తెగులొచ్చిన ఏడాది మీ కోళ్ళకి కాపలా కాసి నా కళ్ళకిందా నీడలొచ్చాయి. నన్నొదిలేశారేంటి?"

అబ్బులుగారు టార్చి ఆర్పి జేబులో పెట్టుకున్నారు.

నన్ను పొదిగిన ఆ ఉంగరంతోనే ఆమె కోళ్ళకు దాణా పోసేది. ఏడాది తిరక్కుండానే నన్ను పట్టి ఉంచిన కొక్కెం వదులై నేను తొట్టిలో పడ్డాను. ఒక తెల్లకోడి చటుక్కున మింగేసింది. సత్యవేణి కేక పెట్టింది. ఆ కేకకు షెడ్డులోని ఆరువందల తెల్లకోళ్ళు బెదిరి కలగలిసిపోయాయి. గుడ్డును చూసి దాని వయసు చెప్పగల అబ్బులుగారు వాటి మధ్య నిలబడి బిక్కముఖం వేశారు. మూడు రోజులు రెట్ట జల్లెడ పట్టారు. నేనేమో కందనకాయలో, గింజలు నూరే రాళ్ళ మధ్య స్థిరపడ్డాను.

కోళ్ళు గుడ్లు పెట్టడం మానేశాక కోతకు తీసుకెళ్ళే లారీ వచ్చింది. "ఎలాగూ కోసేయే కదండీ. ఇక్కడే ఒక్కోటీ కోసుకుంటూ పోతే వజ్రం దొరికేత్తది," అన్నాడు డ్రైవరు.

అబ్బులుగారు భార్య వైపు చూశారు.

"తొట్టెడు దాణా ముందుంటే ఆ కోడి నా వజ్రాన్నే ఎంచుకుందండి," అంది సత్యవేణి. "దాన్ని ఎలా కోత్తామండి?"

"ఏది అదో తెలీదు కదే."

"అందుకే అన్నిట్నీ ఉంచేద్దాం."

ఆయన తల గోక్కున్నారు. తరవాత లారీని పంపేశారు. ఇప్పుడు గుడ్డు పెట్టని ఆరువందల కోళ్ళు ఆ షెడ్డులో దర్జాగా తిరుగుతున్నాయి. ఊరంతా నవ్వుతోంది. సత్యవేణి మాత్రం ప్రతి కోడినీ "బంగారం" అనే పిలుస్తోంది, ఏమో ఎవరికి తెలుసని.

నేను ఈ వెచ్చని చీకట్లో మొక్కజొన్న నూరుతున్నాను. నిజం చెప్పాలంటే, పుట్టిన ఇన్నాళ్ళకు నాకు దొరికిన మొదటి పని ఇదే.