విసనకర్ర గీతలు

మనిషి పోయిన నలభయ్యో రోజు భోజనానికి ఫోర్కులు పెట్టరు, చెంచాలే పెడతారు. ఎందుకని అడిగితే ఆ ఊళ్లో ఎవరూ సరిగ్గా చెప్పలేరు గానీ, పొరపాటున ఒక్క ఫోర్కు కనపడిందా, ముసలమ్మలు ఏడాదిపాటు చెప్పుకుంటారు. రయీసా తిమొఫేయెవ్నా చెంచాలన్నీ తుడిచి బల్ల మీద సర్దింది. ఎండుద్రాక్ష వేసి ఉడికించిన గోధుమలు, పల్చటి బ్లినీ అట్లు, క్యాబేజీ సూపు అన్నిటికీ కింది అంతస్తు క్లావ్దియా చెయ్యి సాయం చేసింది. గ్లేబ్ ఫోటో ముందు వోద్కా గ్లాసు పెట్టి దాని మీద నల్లరొట్టె ముక్క కప్పారు. అద్దానికి కట్టిన దుప్పటి ఇవాళ తీసెయ్యాలని క్లావ్దియా రెండుసార్లు గుర్తుచేసింది. ఇవాళ్టితో ఆత్మ ఇల్లు వదిలి వెళ్లిపోతుందట. వెళ్లిపోవడానికి అంత తొందరేమిటని రయీసాకి ఆమె మీద కోపం వచ్చింది.

గ్లేబ్ ఆమెకి ఒక్కగానొక్క కొడుకు. ఇరవై నిండి మూడు వారాలు కూడా కాలేదు, జనవరి మొదట్లో చెచెన్యా యుద్ధంలో, గ్రోజ్నీ వీధుల్లో ట్యాంకు నడుపుతూ కాలిపోయాడు. సీలు వేసిన జింకు పెట్టె ఇంటికొచ్చింది. తెరవకూడదన్నారు, తెరవలేదు. పెట్టెతోపాటు వచ్చిన కెప్టెన్ టోపీ తీసి చేత్తో పట్టుకుని, అంతా క్షణంలో అయిపోయిందనీ, కుర్రాడికి ఏమీ తెలిసి ఉండదనీ చెప్పాడు. అప్పట్నుంచీ ఊరంతా అదే మాట చెబుతోంది.

ఆ మాట వెనక లెక్క అక్కడ చిన్నపిల్లలకి కూడా తెలుసు. అది ట్యాంకులు తయారయ్యే ఊరు. ఇంటికొకరు ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్లే. వాళ్ల ట్యాంకులో మనుషుల కాళ్ల కిందే గుండ్లన్నీ గుండ్రంగా పేర్చి ఉంటాయి. ఆ చట్రం దానంతటదే తిరిగి ఫిరంగికి గుండు అందిస్తుంది. దానికి రంగులరాట్నం అని పేరు. గుండు పెట్టడానికి నాలుగో మనిషి అక్కర్లేదు కాబట్టి ట్యాంకు పొట్టిగా, తేలిగ్గా ఉంటుంది, చిన్న దిబ్బ చాటున దాక్కుంటుంది, బురదలో దిగబడదు, ఎముకలు కొరికే చలిలో కూడా మారాం చెయ్యకుండా కదులుతుంది. ఇరవై ఏళ్లు ఆ రాట్నాన్ని పొగిడి పొగిడి ఊరి నోరు నొప్పెట్టింది. అయితే ఆ రాట్నానికి నిప్పు తగిలిందంటే ముగ్గురూ ఒక్కసారే పోతారు. అందుకని ఇప్పుడు అదే రాట్నం పేరు చెప్పి తల్లుల్ని ఓదారుస్తున్నారు.

రయీసా అదే ఫ్యాక్టరీ డ్రాయింగు ఆఫీసులో ట్రేసింగు పని చేసేది. ఇంజనీర్లు పెన్సిలుతో గీసింది ఆడవాళ్లు పల్చటి కాగితం మీద నల్ల సిరాతో ఎత్తి రాయాలి. సిరా చుక్క పడినా, గీత తప్పినా, కాగితం చిరగకుండా బ్లేడుతో గీకి మళ్లీ గీయాలి. ఆ గీకడంలో రయీసాని మించినవాళ్లు లేరు. గ్లేబ్ కడుపులో ఉండగా ఒక కాగితం ఆమె బల్ల మీదకి వచ్చింది. ట్యాంకు ముందు భాగంలో డ్రైవరు కూర్చునే చోటు, వాడి తలమీద మూత. ఆ మూత మీదుగా ఏటవాలు గీతలతో విసనకర్ర లాంటి ఆకారం. పైన తిరిగే గుమ్మటానికున్న ఫిరంగి ఆ విసనకర్ర లోపల ఎక్కడున్నా సరే, మూత తెరుచుకోదు. డ్రైవరు లోపలే ఉండిపోతాడు.

అప్పుడామె ఊరుకోక, మరి నిప్పంటుకుంటే ఎలాగని ఇంజనీరుని అడిగింది. అతను నవ్వి, ఫిరంగి పేల్చే గన్నర్ దిగేటప్పుడు దాన్ని పక్కకి తిప్పుతాడమ్మా, ట్యాంకువాళ్లకిచ్చే పుస్తకంలో ఒక వాక్యం రాస్తే సరిపోతుందన్నాడు. ఆ వాక్యం కూడా కాగితం అంచున ఆమే రాసింది. గుండ్రటి చేతిరాత ఆమెది. రాసి మర్చిపోయింది.

నిజంగా మర్చిపోయింది, అదే ఆమె గుండెలో ములుకు. సైన్యం వైద్య పరీక్షలో గ్లేబ్ ఎత్తు చూసి ట్యాంకులకే అన్నారు, ఎందుకంటే అందులో పొట్టివాళ్లే ఇముడుతారు. వాడు గన్నర్ అవుతానని ఉబలాటపడ్డాడు. రయీసా ఒప్పుకోలేదు. సైన్యంలోకి కుర్రాళ్లని తీసుకునే ఆఫీసులో పనిచేసే చిన్ననాటి స్నేహితురాలి కాళ్లావేళ్లా పడి డ్రైవరు శిక్షణలో వేయించింది. ముందు పలక ఎంత మందమో నాకు తెలుసురా, గీసినదాన్ని నేను, ముగ్గురిలోనూ కింద కూర్చునేవాడివి నువ్వే, నీ నెత్తిమీదకి ఏమీ రాదు అని చెప్పింది. వాడు తల్లి మాట కాదనలేక వెళ్లాడు.

భోజనాలయ్యాక అందరూ వెళ్లిపోయారు. అరువు తెచ్చిన కుర్చీలు తిరిగిచ్చి వస్తానని క్లావ్దియా కిందికి వెళ్లింది. గోడ వెంట పోయే వేడినీళ్ల గొట్టం అప్పుడప్పుడూ టక్కుమంటోంది. చలికాలమంతా దానికదే అలవాటు. కానీ అది మోగినప్పుడల్లా రయీసా ఉలిక్కిపడుతుంది. చిన్నప్పుడు బడి అయ్యాక గ్లేబ్ క్లావ్దియా ఇంట్లో ఉండేవాడు. పైకొచ్చే ముందు ఆ గొట్టం మీద మూడుసార్లు కొట్టేవాడు. మూడంటే, వస్తున్నా, తలుపు తీసిపెట్టు అని. ఆమె రెండుసార్లు కొట్టేది. రెండంటే, తీశాను రా అని.

ఆమె గిన్నెలు ఎత్తబోతుంటే ఒక కుర్రాడు కుంటుకుంటూ మెట్లెక్కి వచ్చాడు. ఆసుపత్రి నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, కోటు వదులుగా వేలాడుతోంది. చేతిలో తేనె సీసా.

"నేను రినాత్‌ని, రయీసా పిన్నీ. గ్లేబ్ ట్యాంకులో గన్నర్‌ని. అమ్మ ఇది మీకిమ్మంది."

గ్లేబ్ ప్రతి ఉత్తరంలోనూ రినాత్ గాడు, రినాత్ గాడు అని రాసేవాడు. రయీసా అతన్ని దగ్గరికి తీసుకుంది. ఆ క్షణంలోనే ఆమెకి అతనంటే ఒళ్లుమండే ద్వేషం కలిగింది. వీడు బతికాడు. వీడి తల్లి తేనె పంపుతోంది. ఆ ద్వేషానికి తనే సిగ్గుపడి, గబగబా సూపు వేడి చేసి పెట్టింది.

రినాత్ రెండు చెంచాలు తాగి, పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు.

"క్షణంలో అయిపోయింది పిన్నీ. వాడికేమీ తెలీలేదు."

రయీసా తల ఊపింది. ఊపుతూనే లోపల లెక్క మొదలైంది. ఆపుదామన్నా ఆగలేదు. గన్నర్ కూర్చునేది రాట్నం మీదే. రాట్నం క్షణంలో అంటుకుని ఉంటే ఈ అబ్బాయి ఇక్కడ సూపు తాగడు. వీడు దిగడానికి సమయం దొరికిందంటే, తన కొడుక్కీ దొరికింది. మరి వాడెందుకు రాలేదు?

ఆమె ఒక సాసరు తీసి బోర్లించింది. దాని మీద చెంచా పెట్టింది. సాసరు ముందు నల్లరొట్టె ముక్క పెట్టింది.

"ఇది గుమ్మటం. చెంచా ఫిరంగి. ఇక్కడ మావాడు. ఆ పూట ఎటు తిరిగుందో చూపించు."

రినాత్ చెంచాని కుడివైపుకి, రొట్టెకి దూరంగా తిప్పాడు.

"పక్కకుంటే మూత తెరుచుకుంటుంది నాయనా," అంది రయీసా. "తెరుచుకుంటే వాడు వస్తాడు. రెండో తరగతిలోనే బడి గోడ దూకినవాడు వాడు. నాకు అబద్ధం చెప్పి నువ్వు నెగ్గలేవు. ఆ మూత గీసింది నేను."

అతను సూపు గిన్నె పక్కకి జరిపాడు. తర్వాత వేలితో మెల్లగా నెట్టి, దాన్ని సరిగ్గా రొట్టె ముక్క మీదకి తెచ్చాడు.

అక్కణ్నుంచి అతను ఆగకుండా చెప్పుకుపోయాడు. కమాండరు అంతకుముందే తూటా తగిలి పోయాడు. ఇటుకల గుట్ట ఎక్కి ట్యాంకు ఆగిపోయింది, వెనక్కి పోదామంటే నత్తనడక, దానికున్నదే ఒక్క వెనక గేరు. వెనక నుంచి రాకెట్టు తగిలి ఇంజను అంటుకుంది, కరెంటు పోయింది. అతను తన మూత తీసుకుని దూకాడు, కాలు విరిగింది, పేవ్‌మెంటు అంచు చాటుకి పాక్కుంటూ వెళ్లాడు. ట్యాంకు అడుగునుండే రెండో మూత సంగతి రయీసా అడిగితే, కింద ఇటుకలున్నాయి పిన్నీ అన్నాడు. లోపల్నుంచే డ్రైవరు సీటు వెనక గుమ్మటంలోకి వచ్చే సందు గురించి అడిగితే, గుమ్మటం అలా తిరిగి ఉంటే అది మూసుకుపోతుంది కదా అన్నాడు. అవును, మూసుకుపోతుంది. అదీ ఆమెకి తెలుసు.

"పిలిచాడా?"

"పిలవడం వినపడలేదు. కొట్టాడు. లోపల్నుంచి, ఇనుము మీద."

"ఎలా కొట్టాడు?"

రినాత్ బల్ల మీద వేలితో కొట్టి చూపించాడు. మూడుసార్లు. ఆగి, మళ్లీ మూడుసార్లు.

"ఎంతసేపు?"

"ఒక సిగరెట్టు కాలేంత సేపు. తర్వాత రాట్నం అంటుకుంది."

రయీసా బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. లోకంలో ఆ దెబ్బల అర్థం తెలిసిన మనిషి ఒక్కతే. ఆ మనిషి ఆ పూట ఇక్కడ, ఈ వంటింట్లో, బహుశా బంగాళాదుంపలు చెక్కు తీస్తూ ఉండి ఉంటుంది. కొడుకు తనని అడిగాడు, తను పలకలేదు.

రినాత్ ఇంకా చెబుతున్నాడు.

"పుస్తకంలో ఉంది పిన్నీ, ఒక్కటే వాక్యం. దిగే ముందు ఫిరంగి పక్కకి తిప్పాలని. చేత్తో తిప్పే చక్రం నా ఎడం చెయ్యి పక్కనే ఉంది. నాకు గుర్తు రాలేదు. దూకాక, వాడు కొడుతుంటే గుర్తొచ్చింది. మళ్లీ ఎక్కలేకపోయాను. కాలు విరిగిందని కాదు, భయం వేసింది."

అరవాలనిపించింది ఆమెకి. ఎక్కాల్సిందిరా, పాక్కుంటూ అయినా ఎక్కాల్సింది అని. నోటిదాకా వచ్చింది. కానీ ఆ వాక్యం ఎవరి చేతిరాతలో ఉందో ఆమెకి తెలుసు. ఆ సీట్లో వాణ్ని ఎవరు కూర్చోబెట్టారో కూడా తెలుసు. ఎదురుగా ఉన్నవాడికి ఇంకా మీసాలు సరిగ్గా రాలేదు. ఈ మోత వీడు ముసలివాడయ్యేదాకా వింటాడు. ఇద్దరికీ ఎందుకు, ఒక్కరు చాలరా?

"నువ్వు ఎక్కినా తిరిగేది కాదు," అంది.

రినాత్ తలెత్తాడు.

"కరెంటు పోయి మంట లేచిందంటే గుమ్మటం కింద పళ్లచక్రం బిగుసుకుపోతుంది. చేతి చక్రం తిప్పినా కదలదు. పదిమంది పట్టినా కదలదు. ఆ వాక్యం మామూలు రోజులకి రాసింది, మంటల్లో పనికిరాదు. మీ పుస్తకంలో ఆ సంగతి రాయలేదు, మా తప్పే అది."

"నిజమా పిన్నీ?"

"రాసినదాన్ని చెబుతున్నా."

నిజం కాదు. మంట వెనక ఇంజనులో ఉంది. గుమ్మటం హాయిగా తిరిగేది, చేత్తో తిప్పితే ఆలస్యమయ్యేదేమో గానీ తిరిగేది. ఇన్నేళ్లలో ఆమె గీకినవన్నీ తప్పు గీతలే. సరైన గీతని బ్లేడు పెట్టి గీకడం ఇదే మొదటిసారి.

రినాత్ రెండు చేతుల్లో మొహం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. అతని వీపు నిమురుతూ నిలబడింది గానీ ఆమెకి కన్నీళ్లు రాలేదు. బస్సు వేళకి అతను లేచాడు. తేనె బాగుందని మీ అమ్మకి చెప్పమంది, ఇంకా సీసా మూత కూడా తియ్యలేదు.

మెట్ల మీద అతనికి ఎదురై, క్లావ్దియా గిన్నెల కోసం పైకొచ్చింది. ఆ అబ్బాయి ఏమన్నాడని అడిగింది.

"క్షణంలో అయిపోయిందట, క్లావా," అంది రయీసా. "వాడికేమీ తెలీలేదట."

క్లావ్దియా శిలువ గుర్తు వేసుకుని, అంతవరకు దేవుడు దయతలచాడంది. అద్దం మీది దుప్పటి తనే లాగి మడతపెట్టింది. గిన్నెలు తీసుకుని, కాస్త నడుం వాల్చమని చెప్పి కిందికి వెళ్లిపోయింది.

బల్ల మీద సాసరు, రొట్టె ముక్క అలాగే ఉన్నాయి. రయీసా చెంచా తీసుకుంది. గోడ దగ్గరికి వెళ్లి వేడినీళ్ల గొట్టం మీద రెండుసార్లు కొట్టింది. తర్వాత నడవాలోకి వెళ్లి తలుపు గడియ తీసి, తలుపు బార్లా తెరిచి, ఎముకలు కొరికే ఆ చలిలో అక్కడే నిలబడింది.