మేక తోలు, గుర్రం ఎముకలు

చైనాలోని మా జిగోంగ్‌లో పండగకు వెలిగించే లాంతరు జంతువులకు ఎముకలు మగవాళ్ళు పెడతారు, తోలు ఆడవాళ్ళు తొడుగుతారు. ఇనుప తీగ వంచి వెల్డింగ్ చేసినవాణ్ణి మాస్టర్ అంటారు. ఆ తీగల నడుమ ప్రతి గడికీ గుడ్డ కత్తిరించి, జిగురు పెట్టి అతికి, పులిని పులిగా, చేపను చేపగా నిలబెట్టేవాళ్ళను మాత్రం 'అతికేవాళ్ళు' అంటారు. కొత్త సంవత్సరం సంతలో లాంతరు కింద పెట్టే పలక మీద మాస్టర్ పేరుంటుంది. అతికేవాళ్ళ పేరు నేనింతవరకు చూడలేదు.

ఈ తోలు వ్యాపారంలోనే నా జుట్టు నెరిసింది. నా కింద పదిమంది ఆడవాళ్ళు పనిచేస్తారు. వ్యాపారం నాకు నేర్పింది ఒకటే: గౌరవం అడిగితే రాదు, కొనుక్కోవాలి. అందుకే ఈ మేక సంవత్సరానికి (మాకు ఏడాదికో జంతువు) సంత జరిగే తోట మేనేజర్ ఫాంగ్‌తో బేరం కుదుర్చుకున్నాను. ముఖద్వారం దగ్గర నిలబెట్టే పెద్ద మేకకు గుడ్డంతా నా పెట్టుబడి. సంత ముగిశాకే నాకు డబ్బు. బదులుగా పలక మీద మాస్టర్ పేరు పక్కన మా అందరి పేర్లూ ఉండాలి.

"అంతేనా? పేర్లకేం ఖర్చు, తాన్ గారూ! రాయించేస్తాను," అన్నాడు ఫాంగ్, టీ గ్లాసు మూత తిప్పుతూ.

మాలో అందరికన్నా పెద్దది షియావో అత్త. చదువు రాదు. ఆ పలక పక్కన ఫొటో దిగాలని ఎర్ర కోటు కొనుక్కుంది. "నా పేరెక్కడుందో చూపించండే, దాని మీద వేలు పెట్టి నిలబడతాను," అనేది. "వేలు పెడితే పేరు అరిగిపోతుందత్తా!" అని తక్కినవాళ్ళు ఏడిపించేవారు.

మేక ఎముకలు మా షెడ్డుకు వచ్చిన రోజు తుంపర పడుతోంది. షియావో అత్త ముందు కాళ్ళ దగ్గర కూర్చుని తీగ తడిమింది. మళ్ళీ తడిమింది.

"ఇదిగో తాన్, ఈ మోకాలు నాకు తెలుసు. పోయినేడు దీనికే నా బొటనవేలు చీరుకుంది."

వెళ్ళి చూశాను. పోయినేడు గుర్రం సంవత్సరం. ఆ గుర్రానికి తోలు తొడిగింది మేమే. దాని తోక కోసేసి, కొమ్ములు తగిలించి, కడుపు కింద రెండు తీగలు ఉబ్బించి మేక అన్నారు. మెడ గుర్రందే. నడుము గుర్రందే. మునుపటి గుడ్డ పోగులు కూడా తీగకు అంటుకునే ఉన్నాయి.

మాస్టర్ ఎవరో కాదు, నా మరిది లువో దెషింగ్. మిరపకాయల్లో వేయించిన కుందేలు మాంసం నములుతూ వచ్చాడు.

"ఏంట్రా ఇది?"

"మేక, వదినా."

"మేక తల వేలాడదీసి కుక్క మాంసం అమ్మినట్టుంది నీ పని. కొత్త ఎముకలకని ఊరి పెద్దల దగ్గర డబ్బు తీసుకున్నారు కదరా, నువ్వూ ఫాంగూ!"

"అరవకు. గుడ్డ కప్పాక ఎవడికి తెలుస్తుంది?"

"పగలు తెలియదు. లోపల దీపం వెలిగితే ప్రతి తీగ నీడా పడుతుంది."

"అయితే మందం గుడ్డ వెయ్యి. రెండు పొరలు వెయ్యి."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మందం గుడ్డ వేస్తే వెలుగు చస్తుంది. మేక మట్టిముద్దలా ఉంటుంది. అప్పుడు జనం ఏమంటారో నాకు తెలుసు: అతికేవాళ్ళకు పని రాదు అంటారు. ఎముకల్లో దొంగతనం వాళ్ళది, మచ్చ మా తోలుకు. అదీ మా పేర్లు పలకకెక్కబోయే ఏడాదే!

ఫాంగ్‌కు ఫోన్ చేశాను. "టైం లేదు, తాన్ గారూ. సర్దుకోండి. మీ పేర్లు కావాలా వద్దా?" అన్నాడు.

ఫోన్ పెట్టేసి, బీరువాలోంచి అన్నిటికన్నా పల్చటి తెల్ల పట్టు తీశాను.

"ఇది వేస్తే లోపలి గుర్రం మొత్తం కనబడుతుందక్కా. పలక పోతుందేమో," అంది ఒక పిల్ల.

"కనబడనీ. మన పేరు పడితే మనం చేసిన పని మీద పడాలి. వాళ్ళ దొంగతనం మీద దుప్పటి కప్పడానికి కాదు."

ముందుగా షియావో అత్త కత్తెర అందుకుంది.

సంతకు నాలుగు రోజుల ముందు సాయంత్రం దీపాలు పరీక్షించారు. ఊరి పెద్దలొచ్చారు. షియావో అత్త ఎర్ర కోటు వేసుకొచ్చింది. స్విచ్ వేశారు. తెల్లటి మేక ధగధగా వెలిగింది, దాని లోపల నల్లటి గీతల్లో నిండు గుర్రం నిలబడింది. ఫాంగ్ మొహంలో నెత్తురు చుక్క లేదు. నా కడుపు చల్లబడింది.

చల్లబడింది కాసేపే. పెద్దల్లో ఒకాయన చప్పట్లు కొట్టాడు. "భలే! వెళ్తున్న గుర్రం ఏడాదిని కడుపులో పెట్టుకుని మేక ఏడాది వస్తోంది! ఎవరిదయ్యా ఈ ఆలోచన?"

ఫాంగ్‌కు నెత్తురు తిరిగొచ్చింది. "మా మాస్టర్ లువోదండీ."

మా దెషింగ్ సిగ్గు లేకుండా జుట్టు సవరించుకున్నాడు. పలక మీది ముసుగు తీశారు. ఒక్క పేరే ఉంది: లువో దెషింగ్.

షియావో అత్త వేలు చాపి అడిగింది, "నాదేది?"

"చోటు చాల్లేదత్తా. వచ్చే ఏడు చూద్దాం," అన్నాడు ఫాంగ్.

సంచిలోంచి కత్తెర తీసి మేక కడుపు కింద నుంచి గొంతు దాకా చీల్చాను.

"వదినా! పిచ్చెక్కిందా? పరువు!"

"గుడ్డ నాది. దీనికి మీరు పైసా ఇవ్వలేదు. ఎముకలు నీవి, ఉంచుకో."

మా ఆడవాళ్ళు నా వెనకే వచ్చారు. షియావో అత్త మోకాళ్ళ దగ్గర మొదలుపెట్టింది. తోలంతా ఊడింది. కొమ్ములు పెట్టుకున్న దిసమొల గుర్రం, లోపల బల్బులు వేలాడుతూ, పెద్దల ముందు నిలబడింది.

నష్టం నాకు తెలియక కాదు. జిగురంటిన పట్టు తుడవడానికి కూడా పనికిరాదు. కానీ ఇంకో సంగతీ తెలుసు. ఈ వారంలో ఖాళీగా ఉన్న అతికే మనిషి మా ఊళ్ళో ఒక్కతీ లేదు. ముఖద్వారం దగ్గర ఆ దిసమొల గుర్రంతో ఫాంగ్ సంత తెరవలేడు.

తెల్లవారుతుండగానే ఫాంగ్ మా షెడ్డుకు వచ్చాడు. వెనకాల దెషింగ్ నేల చూపులు చూస్తున్నాడు.

"తాన్ గారూ, కోపం తగ్గిందా?"

"లేదు. ముందు పలక, తరవాత తోలు. ఈసారి గుడ్డ డబ్బు కూడా ముందే."

"మీ పేరు రాయిస్తాను."

"నా ఒక్కదానిదేనా? అందరివీ. వాడి పేరున్నంత పెద్ద అక్షరాల్లో."

"వదినా, జనం నవ్వుతారు," అన్నాడు దెషింగ్.

"నిన్న నవ్వలేదురా. చప్పట్లు కొట్టారు. నీకు."

మధ్యాహ్నానికి పలక వచ్చింది, రంగు ఇంకా ఆరలేదు. ఒక్కో పేరూ పైకి చదివాను. తన పేరు వినగానే షియావో అత్త దాని మీద వేలు పెట్టింది. వేలికి ఎర్ర రంగు అంటింది. ఆ వేలు దెషింగ్ మొహం ముందు ఊపింది.

"మరి గుడ్డ... ఈసారైనా కాస్త మందంగా..." గొణిగాడు వాడు.

నేను బీరువా తెరిచి మళ్ళీ అదే పల్చటి పట్టు తీశాను.